నిద్ర మందు

హాప్స్ అనగానే మనకు బీరే గుర్తొస్తుంది. నిజానికి యూరప్‌లో ఎన్నో తరాలుగా మనసు నెమ్మదించడానికీ నిద్ర పట్టడానికీ వాడిన తీగ మొక్క అది. ఎండిన పూలతో కషాయం కాస్తారు, చిన్న దిండులో కూరి తల దగ్గర పెట్టుకుంటారు. జర్మనీలో వలేరియన్ అనే మొక్క వేరుతో కలిపి ఇప్పటికీ మందుల షాపుల్లో అమ్ముతారు. హాప్స్ ఒక్కదానితోనే నిద్ర వస్తుందనడానికి మాత్రం గట్టి రుజువులు తక్కువే.

ఈ జాతిలో ఆడ, మగ తీగలు వేరువేరు. మందుకైనా బీరుకైనా పనికొచ్చేది ఆడ తీగ పూలే. 12వ శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్, ఈ మొక్క మనిషిలో దిగులు పెంచుతుందనీ, దాని చేదు పానీయాలను చెడిపోకుండా కాపాడుతుందనీ రాసింది. ఆ రెండో గుణమే సీసాల్లోకెక్కింది.

నల్లమల అంచునున్న మా ఆత్మకూరుకు హాప్స్ దిండులో రాలేదు, సీసాలోనే వచ్చింది. అదీ మగవాళ్ల కోసం. ఆడవాళ్ల నిద్రకు మా దగ్గర గసగసాల పాలు, మాడుకు ఆముదం. మా జేజి అన్నీ వాడింది. "గసాలు పనిచేస్తున్నాయా జేజీ?" అంటే, "నిద్ర రాక కాదమ్మీ, పోనిస్తే కదా!" అనేది. తాత తాగి ఎప్పుడొస్తాడో తెలియదు. తలుపు తియ్యాలి, అన్నం పెట్టాలి, ఆ తర్వాత ఏం జరిగినా పక్కింటికి వినపడకూడదు. నేను తిరగేసిన మూలికల పుస్తకాల్లో నిద్రలేమికి కారణాల కింద పిత్తం ఉంది, ఆందోళన ఉంది. మొగుడు లేడు.

ఆ కారణం పేరు పెట్టి చెప్పింది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో మద్యమంతా. దొంగసరుకు దొరక్కపోలేదు గానీ అది కొనే స్తోమత తాతకు లేదు. ఆ రెండేళ్లూ మా ఇంట్లో గసగసాలు కూరలోకే పోయాయి. 1997లో నిషేధం సడలించాక మళ్లీ పాలలోకి వచ్చాయి.

తాత పోయిన వారానికే జేజి రాత్రి ఎనిమిదింటికల్లా పడుకుని తెల్లారేదాకా కదలకుండా నిద్రపోవడం మొదలుపెట్టింది. దినాలకొచ్చిన బంధువులు "పాపం, దిగులుతో మగతగా పడుంది" అనుకున్నారు. ఎవరో డాక్టరుకు చూపించమన్నారు కూడా.