నాలుగు వందల వోల్టులు

ఆడియో పిచ్చి ఉన్నవాళ్ల మధ్య ఒక పాత తగాదా ఉంది. పాట వినడానికి వాల్వు యాంప్లిఫయర్ మంచిదా, ట్రాన్సిస్టర్‌ది మంచిదా? వాల్వు పార్టీవాళ్లు "వెచ్చగా వినిపిస్తుంది" అంటారు. ట్రాన్సిస్టర్ పార్టీవాళ్లు కొలతలు తీసి చూపిస్తారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ని కాబట్టి నేను కొలతల వైపు ఉండాలి. కానీ చాలా ఏళ్లు వాల్వు పార్టీలోనే ఉన్నాను. కారణం మా మేనమామ.

మామకి మహబూబాబాద్‌లో మైక్ సెట్టు దుకాణం ఉండేది. మా ఇంట్లో ఆ ఊరిని ఇప్పటికీ మానుకోట అనే అంటారు. ఎండాకాలం సెలవులు రాగానే జనగామలో రైలెక్కి అక్కడ దిగేవాణ్ని. దుకాణంలో ఒక మూల, అప్పటికే వాడకం మానేసిన వాల్వు యాంప్లిఫయర్ ఒకటి ఉండేది. బతిమాలితే ఎప్పుడన్నా ఆన్ చేసేవాడు. వెంటనే ఏమీ వినపడదు. అర నిమిషం ఆగాలి. గాజు బుడ్ల లోపల ఎర్రటి వెలుగు వచ్చాక, పాట ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చినట్టు మెల్లగా లేచేది. మామ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో మాత్రమే లోపల ఏదో సర్దేవాడు. అది ఆయన స్టైల్ అనుకునేవాణ్ని. కొన్నాళ్లు నేనూ అట్లా నిలబడ్డాను.

దుకాణం ఎప్పుడో మూతపడింది. మామ ఇప్పుడు భూపాలపల్లిలో, సింగరేణిలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ యాంప్లిఫయర్ మాత్రం జనగామలో మా అటక మీదికి చేరింది. పోయినేడు దాన్ని దించాను. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, కొత్త ఈఎల్34 వాల్వుల జత వేశాను. బాగుచేసి మామకి బహుమతిగా ఇవ్వాలని ఆలోచన.

ఇచ్చేముందు ఆ తగాదా కూడా తేల్చుకోవాలనిపించింది. వాల్వు పని సూటిగానే ఉంటుంది. వేడెక్కిన కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. ఎదురుగా ప్లేటు మీద ఉన్న హై వోల్టేజీ వాటిని లాగుతుంది. మధ్యలో ఉన్న గ్రిడ్ అనే జల్లెడ ఆ ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ గ్రిడ్‌ని 1906లో లీ డి ఫారెస్ట్ పెట్టాడు. 1947లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్, వేడీ గాజూ లేకుండా చిన్న స్ఫటికంలో అదే పని చేసింది.

ఇక "వెచ్చదనం" సంగతి. శక్తికి మించి సౌండు పెంచితే ట్రాన్సిస్టర్ అల తలని కత్తితో కోసినట్టు కోసేస్తుంది. అది చెవికి గరుకుగా తగులుతుంది. వాల్వు అదే తలని కాస్త గుండ్రంగా నొక్కుతుంది. పైగా చాలా వాల్వు యాంప్లిఫయర్లకి స్పీకర్ మీద పట్టు తక్కువ కాబట్టి బేస్ కొంచెం వదులుగా, నిండుగా అనిపిస్తుంది. అంటే వెచ్చదనం ఉత్త భ్రమ కాదు, దానికి కారణాలున్నాయి. కానీ ఇంట్లో మనం మామూలుగా వినేది ఒకటి రెండు వాట్లలోపే. అక్కడ రెండిట్లో ఏదీ శక్తి చివరిదాకా పోదు.

రెండిటి సౌండూ మల్టీమీటర్‌తో సమానం చేశాను. ఇది తప్పనిసరి. ఏది కొంచెం గట్టిగా మోగితే మనకి అదే బాగున్నట్టు అనిపిస్తుంది. నా భార్య నాకు కనపడకుండా పదిసార్లు వైర్లు మార్చింది. ఏది వాల్వో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది. కొంచెం సిగ్గేసింది.

అయినా దాన్ని కార్లో పెట్టుకుని హన్మకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి పోయాను. చుక్క సత్తయ్య ఒగ్గుకథ రికార్డింగు పెట్టాను. ఆయనది మా జనగామ జిల్లాలోని మాణిక్యాపురమే. 2017లో చనిపోయారు. అర నిమిషం తర్వాత డోలు లేచింది. నేను మామ మొహం వైపు చూస్తున్నాను. మామ మాత్రం యాంప్లిఫయర్ వెనకవైపు చూస్తున్నాడు.

"దీని మీద మూతేది రా?"

"వాల్వులు కనపడాలని తీసేసిన మామా."

"ముందు బంద్ చెయ్."

బంద్ చేశాను. కుడి అరచెయ్యి చాపి చూపించాడు. బొటనవేలి కింద తెల్లటి మచ్చ.

"పెండ్లి పందిట్ల రెండు చేతులు లోపల పెట్టిన. నాలుగు వందల వోల్టులు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే నడుమ గుండె ఉంటది గదా. ఎగిరి కుర్చీల మీద పడ్డ. మీ అమ్మకు ఇప్పటిదాకా చెప్పలే. గప్పటి సంది ఒక్క చెయ్యే."

నాకు మాట రాలేదు. కాసేపటికి ఆయనే నవ్వాడు. ట్రాన్సిస్టర్ సెట్టు వచ్చిన రోజు తనకి పండగ అన్నాడు. కరెంటు లేని ఊర్లకి వాల్వు సెట్టు తీసుకుపోవాలంటే బ్యాటరీలు, వైబ్రేటర్ డబ్బా, మనుషులు కావాలి. దారిలో కుదుపుకి వాల్వు పోతే కథ ఆగినట్టే. ట్రాన్సిస్టర్‌కి పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి చాలు. "సైకిల్ మీద పొయ్యొచ్చిన."

"సౌండు మాటేంది మామా? ఏది మంచిగుండె?"

"కడపటి వరుసల కూసున్న ముసలమ్మకు మాట తెలుస్తున్నదా లేదా, గదే చూసెటోళ్లం. నాకిప్పుడు తాళం సప్పుడే ఇనవడదు, నన్ను అడుగుతున్నవ్."

ఏళ్ల తరబడి హారన్ల కింద నిలబడ్డ చెవులు అవి. బహుమతి ఇచ్చే హడావుడిలో నేను అడగని సంగతి అది. నా తగాదా అంతా సోఫాలో కూర్చున్న ఒక్కడి చెవి గురించి. ఆయన సౌండు పెట్టింది చివరి వరుస కోసం.

యాంప్లిఫయర్‌ని మళ్లీ జనగామ తెచ్చాను. ఇనుప జాలీతో మూత చేయించాను. పాటలు ట్రాన్సిస్టర్ మీదే వింటున్నాను. దాన్ని మాత్రం కెపాసిటర్లు పాడవకుండా నెలకోసారి ఆన్ చేస్తాను. అప్పుడు నా ఎడమ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది.