మా గంజాం జిల్లా, మా గిరిసోల ఇల్లు

మా అమ్మాయి నాలుగో తరగతి. మొన్న బడిలో "మీ సొంత జిల్లా గురించి పది వాక్యాలు రాసుకు రండి" అన్నారట. "నాన్నా, మనది ఏ జిల్లా?" అని అడిగింది. ఉండేది బెంగళూరు, నేను పెరిగింది తుమకూరు, మా నాన్న ఊరు గిరిసోల. "గంజాం" అన్నాను. "ఆంధ్రలోనా?" "కాదమ్మా, ఒడిశాలో." "మరి మనం తెలుగువాళ్ళం కదా?" అంది. పది వాక్యాలు సంగతి అలా ఉంచండి, ఆ ఒక్క ప్రశ్నకే నాకు జవాబు తోచలేదు.

నేను చదివింది కన్నడ మీడియం. తుమకూరు జిల్లా తాలూకాలు పదీ ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. తెలుగు అక్షరాలు మాత్రం సొంతంగా నేర్చుకున్నవే. కన్నడ అక్షరాలకి చుట్టాలే కాబట్టి పెద్ద కష్టం కాలేదు. రాతలో తప్పులుంటే మీరే సర్దుకోవాలి.

అదే నెలలో గిరిసోల వెళ్ళాల్సిన పని పడింది. నాన్న పోయి ఏడాదైంది. ఊళ్ళో తాతగారి ఇల్లు ఉంది, హైవేకి దగ్గర. కొంటానని ఒకాయన మంచి ధరే చెప్పాడు. ఆ ఇంట్లో ఇప్పుడు మా మేనత్త ఒక్కర్తే ఉంటోంది. అమ్మేసి, అత్తని బెంగళూరు తీసుకొచ్చేద్దామనే ఉద్దేశంతోనే బయల్దేరాను. ఉన్నమాట దాచడం ఎందుకు?

బరంపురంలో రైలు దిగి, ఇచ్ఛాపురం వైపు వెళ్ళే బస్సెక్కాను. గిరిసోల ఒడిశాకి చివరి ఊరు. అది దాటితే శ్రీకాకుళం జిల్లా, ఇచ్ఛాపురం. మా టెస్టింగ్ పనిలో ఒక మాట మొదటి రోజే నేర్పుతారు. పద్దెనిమిదేళ్ళ వయసుకి రూల్ పెడితే పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది వేసి చూడాలి, తప్పులన్నీ హద్దు దగ్గరే దాక్కుంటాయి అని. మా ఊరు ఆ హద్దు దగ్గరి అంకె.

ఇంతకీ జిల్లా సంగతి. గంజాం ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2011 లెక్కల్లో జనం 35 లక్షలు, ఒడిశాలో అన్ని జిల్లాల కంటే ఎక్కువ. పెద్ద ఊరు బరంపురం అయినా జిల్లా ఆఫీసులు ఛత్రపురంలో ఉంటాయి. ఛత్రపురం, బరంపురం, భంజనగర్ అని మూడు సబ్‌డివిజన్లు, 22 బ్లాకులు. ఉత్తరాన చిలికా సరస్సు అంచు రంభ దగ్గర ఈ జిల్లాని తాకుతుంది. తూర్పంతా సముద్రం. మధ్యలో ఋషికుల్య నది. ఆ నది సముద్రంలో కలిసే చోట వేసవి ముందు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొన్నేళ్ళు రానే రావు. అదే నది పక్కన జౌగడలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధం మీద తన పశ్చాత్తాపం చెప్పుకున్న శాసనాన్ని మాత్రం ఆయన ఇక్కడ చెక్కించలేదు. ఓడిపోయినవాళ్ళ ఊళ్ళో ఆ మాట ఎత్తకూడదనుకున్నాడేమో, అని నా ఊహ.

గోపాలపురం రేవు నుంచి ఒకప్పుడు రంగూన్‌కి స్టీమర్లు వెళ్ళేవి. కూలికి బర్మా పోయిన గంజాం వాళ్ళకి లెక్కలేదు. ఇప్పుడు ఆ దారి సూరత్‌కి మళ్ళింది. అక్కడి మరమగ్గాల మీద పనిచేసే ఒడియా వాళ్ళలో ఎక్కువమంది మా జిల్లా వాళ్ళే. తుమకూరు పోయిన మా నాన్నా ఆ వరసలో వాడే.

ఇక తెలుగు సంగతి. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. ఆ రోజు ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు. పర్లాకిమిడి కూడా అప్పుడు గంజాంలోదే, 1992లో గజపతి జిల్లాగా విడిపోయింది. ఆ పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే గిడుగు రామమూర్తి గారు సవర భాషకి సేవ చేశారు, వాడుక తెలుగు కోసం పోరాడారు. 1936లో ఆ ఊరు ఒరిస్సాకి పోతే రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం మాట్లాడినట్టే రాసుకుంటున్నామంటే ఆ పుణ్యంలో పాత గంజాం వాటా ఉంది. రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో పుట్టింది బరంపురంలో. పి.వి. నరసింహారావు గారు 1996లో బరంపురం నుంచే లోక్‌సభకి గెలిచారు.

అత్త నన్ను చూసి, "ఏటిరా నాన్నా, సిక్కిపోనావు. పెళ్ళాం పెట్టట్లేదేటి?" అంది. చద్దన్నం పెట్టింది. పక్కింటి పిల్ల తొంగిచూసి "పఖాళ" అంది. గిన్నె ఒకటే, పేర్లు రెండు.

మర్నాడు కాగితాల పని మీద ఒక ఆఫీసుకి వెళ్ళాం. ఒడియా పట్టాలో తాత పేరు ఒకలా, ఓటరు జాబితాలో ఇంకోలా, నాన్న సర్టిఫికెట్లో మరోలా ఉంది. మా ఇంటిపేరులో పొట్టి ఒకారం ఉంది. ఒడియా లిపిలో ఒ, ఓ వేరువేరుగా ఉండవు. ఒడియాలోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి కన్నడలోకి తిరిగేసరికి మనిషే మారిపోయాడు. "ముగ్గురూ ఒకరే అని రుజువేది?" అన్నారు. అత్త సంచీలోంచి ఒక పాత దస్తావేజు తీసింది. ముత్తాత తన మైనరు కొడుకు పేరున కొన్నది. మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా, బరంపురం తాలూకా అని తెలుగులో ఉంది. తాత పేరు శుభ్రంగా ఉంది. కానీ ఆ గదిలో దాన్ని చదవగలిగినవాళ్ళు ఇద్దరమే. చదువు అయిదో తరగతితో ఆగిన అత్త, కన్నడ మీడియం నేను.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని అసలు మాట ఎత్తాను. అత్త కోప్పడలేదు. బరంపురం ఠాకురాణీ జాత్ర సంగతి చెప్పింది. రెండేళ్ళకోసారి చైత్రంలో అమ్మవారు గుడి విడిచి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు పట్టు నేసే డెరా వాళ్ళది, తెలుగు మూలాలున్న సాలెవాళ్ళది. ఊరు ఊరంతా, ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ, ఆడపడుచుని చూడ్డానికి కదుల్తారు. "అమ్మోరికే పుట్టిల్లు కావాలంటే నానెంతరా?" అంది అత్త. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు వంటింటి పైకప్పు ఎగిరిపోతే, తన గాజులమ్మి మళ్ళీ వేయించిందట. ఆ సంగతి నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

కొంటానన్న ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. బెంగళూరు వచ్చి అమ్మతో మాట్లాడాను. అమ్మ రెండు రోజులు ఏమీ అనలేదు. ఫ్లాటు అప్పు ఇంకా పన్నెండేళ్ళుంది మరి. మూడో రోజు, "మీ నాన్న ఉంటే ఏం చేసేవారో అదే చెయ్యి" అంది. మా వాటా అత్త పేరున రాసిచ్చేయాలని అనుకున్నాం. పేర్ల తకరారు తేలితేగానీ అది కుదరదు. దస్తావేజుకి ఒడియా అనువాదం చేయించి, మళ్ళీ వెళ్ళాలి.

మీ ఇళ్ళలోనూ పెట్టెల అడుగున ఇలాంటి తెలుగు కాగితాలు ఉంటాయి. చదవగలిగే పెద్దవాళ్ళు ఉండగానే ఓసారి బయటికి తీయండి, పేర్లు సరిచూసుకోండి.

మా అమ్మాయి పది వాక్యాలూ రాసింది, కన్నడలో. మొదటిది "నమ్మ జిల్లె గంజాం". పదోది నేను చెప్పలేదు, తనే రాసుకుంది: మా నాన్నమ్మ ఆడపడుచు అక్కడ ఉంటుంది, వేసవి సెలవులకి మేము వెళ్తాము.