ముసురుకు ముందు పాతకారు

హిమపాతమెఱుఁగని నెల్లూరు తీరమున శీతకాలమనఁగా ఈశాన్య ఋతుపవనమే. అక్టోబరు మొదలు డిసెంబరు దాఁక వాయుగుండములును ముసురును తప్పవు. 2014లో తయారీ నిలిచిన అంబాసిడరువంటి వృద్ధశకటమును, అందునను పెట్రోలుబండిని, మైపాడు ఉప్పుగాలిలో నిలుపుకొన్నవాఁడు, రంగు మెఱుఁగులకై ధనము వెచ్చించుటకంటె, తలుపుల అడుగునఁ బూడిన నీటిరంధ్రములను తెఱపించి, అడుగురేకు తుప్పు గీఁకించి పూఁత వేయించి, ఎండకు బిరుసెక్కిన వైపరు రబ్బరులను మార్పించి, డిస్ట్రిబ్యూటరు మూఁతలోని చెమ్మ తుడిపించుట మేలు. వానపడిన తెల్లవాఱి ఇంజనును మొండికెత్తించునది ఆ చెమ్మయే కదా! టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో బేరమాడక మార్పింపవలయును. నీట తడిసిన డ్రమ్ముబ్రేకులు సరిగా పట్టవు; మెల్లగా నడపుచు పెడలు నొక్కి ఆఱఁబెట్టవలెను. ఇంత చేసినను, 2021 నవంబరులో పడుగుపాడుకడ జాతీయ రహదారినే కోసివేసిన పెన్న వఱదవంటిదానికి ఏ కారును ఎదురు నిలువదు. రోడ్డుపై నీరు పాఱుచున్నచో, అయ్యా, బండిని వెనుకకు మరలింపుఁడు.