పిల్లలతో మామిడి తాండ్ర

మామిడి తాండ్ర మీకు కొత్తది కాదు. విజయనగరం జిల్లా భీమాళిలోనూ, గోదావరి ఒడ్డున ఉన్న ఆత్రేయపురంలోనూ దీన్ని చేసి అమ్ముకొనే కుటుంబాలు ఉన్నాయి. హిందీవారు దీన్ని ఆమ్ పాపడ్ అంటారు. మరాఠీవారు ఆంబాపోళి అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. పండిన మామిడి గుజ్జును పలచగా పరిచి ఎండబెట్టడం.

మరి తెలిసిన దాన్ని గురించి మళ్లీ ఎందుకు చెబుతున్నాను? మీలో చాలామంది బడి మధ్యలో మానేసి, మళ్లీ చదువు మొదలుపెట్టినవారై ఉంటారు. నేనూ అలాంటిదాన్నే. ఏడో తరగతితో ఆగిపోయాను. మా అమ్మాయి నాలుగో తరగతికి వచ్చేసరికి, పాఠంలో ఏదైనా అర్థం కాకపోతే నన్ను అడగడం మానేసింది. "అమ్మకు తెలియదులే" అని తమ్ముడితో అనడం ఒకసారి నా చెవిన పడింది. కోపం రాలేదు కాని, ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది. మీలో కొందరికైనా ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది.

ఆ వేసవిలో తాండ్ర చేసేటప్పుడు పిల్లలిద్దరినీ పనిలో కలుపుకున్నాను. మేము చేసిన పద్ధతి ఇది.

బాగా మాగిన రసాలు తీసుకోండి. గడ్డిలో మాగేసినవి దొరికితే మంచిది. కాల్షియం కార్బైడుతో పండ్లు మగ్గించడం మన దేశంలో నిషేధం. పండ్లను కడిగి, గంటసేపు నీళ్లలో ఉంచండి. తరువాత రసం పిండి, పలచని గుడ్డలోనో జల్లెడలోనో వడకడితే పీచు విడిపోతుంది. పిండే పని పిల్లలకు ఇవ్వండి. మోచేతుల దాకా కారినా ఫరవాలేదు. పని మొదలుపెట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

కిలో గుజ్జుకు 100 గ్రాముల చక్కెర కలపండి. సన్నని సెగ మీద పది నిమిషాలు కలియబెట్టండి. ఇలా చేస్తే గుజ్జు త్వరగా పులిసిపోదు. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లే చేయాలి. వేడి గుజ్జు చిట్లి మీద పడితే చర్మం కాలుతుంది. చల్లారిన తరువాత, నెయ్యి రాసిన మూడు పళ్లేలలో అర సెంటీమీటరు మందాన పరచండి. ఈగలు, దుమ్ము పడకుండా పైన పలచని గుడ్డ కట్టి ఎండలో పెట్టండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చుకోండి. మంచి ఎండ ఉంటే రెండు మూడు రోజుల్లో ఆరుతుంది. మందంగా కావాలంటే, మొదటి పొర ఆరాక మరునాడు తాజా గుజ్జు తీసి దాని మీద పోయాలి.

గుజ్జును, చక్కెరను మా వీధి చివర కిరాణా కొట్టులో ముందే తూకం వేయించాం. రెండూ కలిపి 1100 గ్రాములు. మూడో రోజు సాయంత్రం ఎండిన తాండ్రను తీసి మళ్లీ తూయిస్తే 350 గ్రాములు మాత్రమే తూగింది. అమ్మాయి కాగితం మీద తీసివేత చేసింది. 750 గ్రాములు తక్కువ! "తమ్ముడు తినేశాడు" అని తేల్చేసింది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు నేను, "తడిచీర ఆరేసేటప్పుడు బరువుగా ఉంటుంది, తీసేటప్పుడు తేలిగ్గా ఉంటుంది. ఆ బరువు ఎవరు తిన్నారే?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. లోపలికి పోయి తన సామాన్యశాస్త్రం పుస్తకం తెచ్చి, బాష్పీభవనం అన్న పాఠం తీసి, "ఇదేనా అమ్మా?" అంది. ఆ మాట నాకు అప్పటికి తెలియదు. మాట తనది, విషయం నాది. ఇద్దరం కలిసి ఆ పాఠం చదివాం. మామిడి గుజ్జులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. అందులో చాలావరకు ఎండకు ఆవిరైపోయింది.

తాండ్ర ఎండిందో లేదో చెప్పింది మా అత్తగారు. ఆమెకు అక్షరాలు రావు. "నాన్నమ్మా, నీకెలా తెలిసింది?" అని పిల్లలు అడిగితే, "వేలు పెట్టి చూడండి. అంటుకుంటే పచ్చి, వంగి విరగకపోతే సరి, పెళుసుగా ఉంటే ఎక్కువ ఎండినట్టు" అంది. తూనిక యంత్రం చెప్పలేనిది ఆమె వేలు చెప్పింది.

తాండ్ర జిగటగా సాగడానికి కారణం పెక్టిన్ అనే పదార్థం. పండు కణాల గోడల్లో, ఇటుకల మధ్య సున్నంలాగా ఇది ఉంటుంది. నీరు పోయేకొద్దీ పెక్టిన్, చక్కెర, సన్నని పీచు దగ్గరపడి పట్టుకుంటాయి. అంగళ్లలో అమ్మే సాగుడు మిఠాయిల్లో చాలావాటికి ఆ గుణం జెలటిన్ వల్ల వస్తుంది. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మన తాండ్రకు దాని అవసరం లేదు.

ఇక తాండ్ర నెలల తరబడి ఎందుకు పాడుకాదు? బూజుకైనా, సూక్ష్మజీవులకైనా బతకడానికి నీరు కావాలి. ఎక్కువ నీరు ఎండకు పోయింది. మిగిలిన కొద్ది నీటిని చక్కెర పట్టుకొని ఉంటుంది. మీరు పెట్టే వడియాలు, ఎండుచేపలు, ఉప్పు వేసిన ఊరగాయ నిలవ ఉండడానికి కారణం ఇలాంటిదే. అంటే ఈ పాఠంలో సగం మీకు ముందే వచ్చు.

కొన్ని జాగ్రత్తలు. తాండ్ర పళ్లకు అంటుకుంటుంది కాబట్టి, తిన్న తరువాత పిల్లలచేత నోరు పుక్కిలించాలి. మరీ చిన్నపిల్లలకు ముద్దలుగా పెట్టకండి, గొంతుకు అడ్డుపడవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారు రుచి చూసి ఊరుకోవాలి.

మా తాండ్రను 24 ముక్కలు కోశాం. ఇంట్లో ఆరుగురం. ఎవరికి ఎన్ని వస్తాయో ఈసారి చిన్నవాడు లెక్క చెప్పాడు. "నాలుగేసి" అన్నాడు. తన నాలుగూ ముందే పక్కన పెట్టుకున్నాడు.

మీరు చేసి చూడండి

1. మామిడి కాలం కాకపోతే జామ గుజ్జుతో చేయండి. గింజలు వడకట్టండి.
2. ఎండబెట్టక ముందు, ఎండిన తరువాత తూకం వేసి, తేడా రాయండి.
3. మీ ఇంట్లో ఎండబెట్టి నిలవ చేసే పదార్థాలు అయిదింటి పేర్లు రాయండి. ఆ జాబితాను మీ పిల్లలకు చదివి వినిపించండి.