డ్రాగన్ రెక్కకు రంగు

పిల్లలూ, చదరంగంలో ఏనుగు, గుర్రం, బంటు వుంటాయి గదా. బంటుకు ముక్కూ మొహమూ లేకపోయినా ఆటకు లోటు లేదు. అయితే ఇంగ్లండులో మరొక రకం ఆట వున్నది. అందులో బంటుకు కూడా కళ్ళూ, మీసాలూ, బెల్టుకు బిళ్ళా వుంటాయి. పెద్ద బల్లమీద గుట్టలూ, పాడుపడిన గోడలూ అమర్చి, రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలబెడతారు. టేపుతో కొలిచి ముందుకు జరుపుతారు. పాచికలు వేసి ఎవరు పడ్డారో, ఎవరు నిలిచారో తేలుస్తారు. కొన్నప్పుడు ఈ బొమ్మలు విడివిడి ముక్కలుగా, బూడిద వన్నెలో వుంటాయి. అతికించడమూ, రంగులు వెయ్యడమూ ఆడేవాడి పనే. నిజం చెప్పాలంటే, ఆడిన గంటలకంటె రంగులు వేసిన గంటలే ఎక్కువగా వుండేవాళ్ళు చాలామంది.

మా అబ్బాయి వుద్యోగరీత్యా నాటింగ్‌హామ్‌లో వుంటున్నాడు. ఇటువంటి ఆటల్లో పేరుమోసిన వార్‌హామర్ 1983లో వచ్చింది. దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఆ వూళ్ళోనే వున్నది. కనుక పన్నెండేళ్ళ మా మనవడికి ఈ పిచ్చి పట్టడంలో వింత లేదు. రెండేళ్ళ క్రిందట నేను వెళ్ళేసరికి, వాడు ఏడు నెలల చేతిఖర్చు కూడబెట్టి ఒక పెద్ద డ్రాగన్‌ను కొని వున్నాడు.

యుద్ధం బొమ్మలంటే నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఆ మాట వాడితో అన్నాను కూడా. "ఇందులో ఎవరూ చావరు తాతయ్యా, పెట్టెలో పడుకుంటారంతే!" అన్నాడు వాడు. హెచ్. జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాశాడు. బొమ్మ సైనికులతోనూ, పుల్లముక్కలను విసిరే బొమ్మ ఫిరంగులతోనూ నేలమీద ఆడే ఆటకు అందులో నియమాలున్నాయి. చిన్న యుద్ధం ఆడినవాడికి పెద్ద యుద్ధం మీద మోజు పోతుందని ఆయన భావం. మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది! అందుచేత ఆయన మాటను ఎంతవరకు నమ్మవచ్చునో నేను ఇంకా తేల్చుకోలేదు. కాని రంగులు వేసే పని మాత్రం నన్ను లాక్కున్నది.

మామూలు సైనికుడి బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే మనిషిలో దాదాపు అరవయ్యో వంతు. నిజమైన మనిషి అంగీమీద రెండు సెంటీమీటర్ల మడత వుంటే, బొమ్మమీద అది మిల్లీమీటరులో మూడో వంతు అవుతుంది. మంచి చూపుగల కన్ను ఒక మీటరు దూరాన్నుంచి విడిగా గుర్తుపట్టగలిగేది కూడా దాదాపు అంతే. కనుక బల్ల అవతలినుంచి చూసేవాడికి ఆ మడతలోని నీడ కనపడదు. అంగీ అంతా ఒకే రంగు పూస్తే సైనికుడు సబ్బుముక్కలాగా వుంటాడు. పల్లాల్లో పడవలసిన నీడను మనమే రంగుతో వెయ్యాలి. మిట్టలమీది వెలుతురును కూడా మనమే వెయ్యాలి.

ముందుగా ప్లాస్టిక్‌ను సబ్బునీళ్ళతో కడిగి ప్రైమరు కొట్టాలి. ప్లాస్టిక్ రంగును పీల్చుకోదు గదా, ప్రైమరు లేకపోతే రంగు గోటికి వూడివస్తుంది. మన కొండపల్లి బొమ్మలవాళ్ళు పొణికి కర్రమీద ముందు సున్నం పూస్తారే, ఆ వరసే ఇదీను. దానిపైన అసలు రంగు పలుచగా రెండుసార్లు వేస్తారు. నీడకు ఒక సులువైన వుపాయం వున్నది. నీళ్ళలాంటి ముదురురంగును బొమ్మమీద పారిస్తే అది దానంతటదే పల్లాల్లోకి చేరి ఆరుతుంది. దీన్ని 'వాష్' అంటారు. మా వాడు నలభైమంది సైనికులకు ఇలాగే వేశాడు. అందరూ చక్కగా కుదిరారు.

డ్రాగన్ దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. దాని రెక్క ఒక్కటే నా అరచేతికంటె పెద్దది. వాడు సైనికులకు చేసినట్టే రెండు రెక్కలమీదా వాష్ పారించి పడుకున్నాడు. పొద్దున చూస్తే రెక్కలనిండా వలయాలు! ఒక్కొక్కటి అంచున నల్లగా, మధ్య వెలవెలబోతూ వున్నది. వాడు ఒక్క మాట అనలేదు. డ్రాగన్‌ను అట్టపెట్టెలో పెట్టి మూత వేశాడు. ఏడు నెలల డబ్బు మరి!

బల్లమీద టీ చుక్క ఒలికి ఆరితే మరక ఎలా వుంటుందో ఎప్పుడైనా చూశారా? చుట్టూ గీత గీసినట్టు వుంటుంది. మధ్యలో ఏమీ వుండదు. ఎందుచేతనో 1997లో చికాగో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వివరించారు. చుక్క అంచు నేలను పట్టుకుని కదలకుండా వుంటుంది. ఆ అంచున నీరు త్వరగా ఆవిరైపోతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యనుంచి నీరు అంచుకు పరుగెత్తుతుంది. పోతూ పోతూ రంగు రేణువులను కూడా వెంటపెట్టుకు పోతుంది. సైనికుడి అంగీమీద అయితే మడతే కాలువలాగా రంగును పట్టి వుంచుతుంది, గీత పడవలసిన చోటే పడుతుంది. చదునైన రెక్కమీద కాలువ ఏదీ? నీరు ఎక్కడ ఆగితే అక్కడే గీత.

ఇదంతా నేను వాడికి చెప్పలేదు. ప్లాస్టిక్ మూత ఒకటి తెచ్చి, దానిమీద టీ ఒకచోట చుక్కగా వెయ్యమన్నాను, ఇంకొకచోట కుంచెతో పలుచగా రాయమన్నాను. సాయంకాలానికి మూత పట్టుకుని వాడే వచ్చాడు. "తాతయ్యా, చుక్క నిలవనివ్వకపోతే సరి!" అన్నాడు. ఇరవయ్యారేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట వినడంలో వున్న సంతోషం ఇంతా అంతా కాదు.

ఆరిన ఆక్రిలిక్ రంగు నీళ్ళకు కరగదు. అందుచేత వలయాలు కడిగితే పోవు. వాటిపైన మళ్ళీ అసలు రంగు పలుచగా రెండు పూతలు వేశాము. మరి నీడ ఎక్కడ వెయ్యాలి? డ్రాగన్‌ను చూసినవాడెవడూ లేడు. గబ్బిలాన్ని నేను చూశాను. నేను పనిచేసిన బడి వెనక మర్రిచెట్టుకు అవి గుత్తులుగా వేలాడేవి. గబ్బిలం రెక్క నిజానికి చెయ్యే: నాలుగు వేళ్ళు పొడుగ్గా సాగి, వాటి మధ్య గొడుగు గుడ్డలాగా చర్మం పరుచుకుని వుంటుంది. బొటనవేలు ఒక్కటీ పైన కొక్కెంలాగా మిగిలిపోతుంది. మా డ్రాగన్ రెక్కకూ అలాంటి కొక్కెమే వున్నది! చేసినవారు గబ్బిలాన్నే చూసి చేశారు కాబోలు. వాడు టార్చిలైటును తన వేళ్ళ వెనక పెట్టి చూశాడు. పలుచని చోట ఎర్రగా వెలిగింది, మందంగా వున్నచోట నల్లబడింది. ఇంకేం, రెక్క మధ్య లేతగా, ఎముకల దగ్గర ముదురుగా వుండాలని తేలింది.

పలుచని రంగులో కుంచె ముంచి, గుడ్డకు ఒత్తి, చర్మం మధ్యనుంచి ఎముకవైపుకు లాగాలి. కుంచె పైకి లేచే చోట రంగు ఎక్కువగా దిగుతుంది; కనుక గీత ఎముక దగ్గర ముగియాలి. ఆరాక మళ్ళీ అదే పని. ఒక్కొక్క రెక్కకు ఆరు పూతలు, మొత్తం తొమ్మిది సాయంకాలాలు పట్టింది. నా చెయ్యి కొద్దిగా వణుకుతుంది. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి పట్టుకుంటే వణుకు చాలావరకు కుంచెదాకా రాదు. సైనికుడి కంటిపాప అయితే నా వల్ల అయ్యేది కాదు గాని, ఇంత పెద్ద రెక్క అయ్యేసరికి ధైర్యం వచ్చింది. ఎడమ రెక్క నాది, కుడి రెక్క వాడిది. దగ్గరగా చూస్తే ఎడమది ఒక వీసమెత్తు ముదురు. వాడు దాన్ని మార్చనివ్వలేదు.

శనివారం ఆటలో డ్రాగన్ రెండో వంతులోనే ఫిరంగి దెబ్బకు పడిపోయింది. వాడు పెద్దగా విచారించలేదు. రాత్రి పెట్టెలో పెట్టబోతూ, రెక్కను దీపానికి అడ్డంగా పట్టుకుని చూశాడు. మందపాటి ప్లాస్టిక్‌లోనుంచి వెలుతురు ఎలా వస్తుంది?

"వచ్చినట్టే వుంది తాతయ్యా" అన్నాడు.