పోయిన నాణేలు ఎవరి ఖాతాలో రాయాలి?

"అత్యాశకు పోతే అంతేనండీ, ఎవరి కర్మకు ఎవరు కర్తలు!" క్రిప్టో కరెన్సీలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. జాతకాలను ఎగతాళి చేసే మిత్రులు కూడా ఇక్కడికొచ్చేసరికి కర్మ సిద్ధాంతాన్ని అరువు తెచ్చుకుంటారు. నా దగ్గర ఒక్క నాణెం కూడా లేదు, కొనే ఉద్దేశమూ లేదు. బిట్‌కాయిన్ ధర ఎంతకు పోతుందో చెప్పేవాళ్ళకీ చిలకజోస్యుడికీ పెద్ద తేడా ఉందని కూడా అనుకోను. అయినా దొంగతనం దొంగతనమే కదా? ఇల్లు దోచుకున్న దొంగను వదిలేసి, అంత బంగారం ఎందుకు కొన్నావని ఇంటివాణ్ణి నిలదీస్తామా?

జరిగింది చూడండి. 2024 జులై 18న మన దేశంలోని వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన నాణేలు పోయాయి. అంటే ఖాతాదారుల ఆస్తిలో దాదాపు 45 శాతం. ఒక్కరు తెరవగలిగే వాలెట్ కాదది, పలువురు సంతకం చేయాల్సిందే. ఆ తర్వాత ఎక్స్ఛేంజీ, తాళాలు చూసుకునే లిమినల్ అనే సంస్థా తప్పు మీదంటే మీదని వాదించుకున్నాయి. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రకటించాయి. ఇందులో ఖాతాదారుడి కర్మ ఎక్కడుందో నాకు కనబడలేదు.

అసలు తగాదా ఆ తర్వాత మొదలైంది. నష్టాన్ని అందరికీ పంచుదామని, 55 శాతం చేతికిచ్చి 45 శాతం అట్టిపెడతామని ఆ నెలాఖరులోనే సంస్థ ఒక ప్రతిపాదన తెచ్చింది. తమ నాణేల జోలికి దొంగ రానివాళ్ళకూ అదే కోత! గొడవయ్యాక అది అభిప్రాయ సేకరణ మాత్రమేనని సర్దుకున్నారు. పక్కవాడి లాకరు పగిలితే నా లాకరులో నగలు సగం తీసి పంచుతారా అన్నది వీళ్ళ ప్రశ్న. అన్నీ ఒకే బీరువాలో కలిసి ఉన్నప్పుడు ఏది పోయిందన్నది అదృష్టమే కదా, ఒకడే ఎందుకు మునగాలి అన్నది అవతలివాళ్ళ జవాబు. రెండూ కొట్టిపారేసేవి కావు. తేలాల్సింది ఒక్కటే: అది లాకరా, అప్పా? ఇలాంటి కేసులోనే 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టో ఆస్తేనని, ఒకరి తరఫున మరొకరు ట్రస్టుగా ఉంచగలిగినదేనని చెప్పింది. ఆ ఖాతాదారు నాణేలు దొంగ ఎత్తుకుపోయిన రకం కావు. నాకు ఆ తర్కం సబబుగా తోచింది. కానీ ఆ ముక్క దొంగతనానికి ముందే ఒప్పందంలో స్పష్టంగా ఉండాల్సింది.

ఏ రోజు ధర కట్టాలన్నది ఇంకో చిక్కు. జపాన్‌లో 2014లో దివాలా తీసిన మౌంట్ గాక్స్ బాకీలను ఆనాటి ధర ప్రకారం, బిట్‌కాయిన్‌కు 500 డాలర్ల లోపే లెక్కగట్టారు. 2017 చివరికి అది 20,000 డాలర్ల దాకా పోయింది. పాత లెక్కే నిలిస్తే మిగులు వాటాదార్లకు పోతుందని బాకీదార్లు పోరాడి 2018లో పద్ధతి మార్పించుకున్నారు. చెల్లింపులు మొదలయ్యేసరికి 2024 జులై వచ్చింది. పదేళ్ళు!

వజీర్‌ఎక్స్ మాతృసంస్థ సింగపూర్‌లో ఉంది కాబట్టి పరిష్కార పథకం అక్కడి హైకోర్టుకు పోయింది. 90 శాతానికి పైగా ఒప్పుకున్నారు, 2025 జూన్‌లో కోర్టు తిప్పికొట్టింది, మళ్ళీ ఓటింగు పెడితే మళ్ళీ అంతమందీ ఒప్పుకున్నారు, అక్టోబరులో ఆమోదం దొరికింది. "అంతమంది ఒప్పుకున్నాక ఇంకా అన్యాయమంటారేం?" అని మా మిత్రుడొకడు. పథకం ఓడితే డబ్బు 2030 దాకా రాకపోవచ్చని ముందే చెప్పి ఓటు అడిగారు మరి. ఆకలిగా ఉన్నవాడు సగం అన్నానికి తలూపితే వంట బాగున్నట్టా? ఎంతమంది చేతులెత్తారన్నది ఏ విషయానికీ రుజువు కాదని మనమే కదా ఊరూరా చెబుతాం.

సర్కారు సంగతి ఇంకా విచిత్రం. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను వేసింది. బ్యాంకు డిపాజిట్‌కున్న 5 లక్షల బీమా లాంటిది మాత్రం దీనికి లేదు. 2025 ఏప్రిల్‌లో బాధితులు సుప్రీంకోర్టుకు వెళితే, ఇది విధాన నిర్ణయమంటూ పిటిషన్ కొట్టేశారు.

2025 అక్టోబరు 24న ఎక్స్ఛేంజీ తలుపులు తెరిచింది. మిగిలిన బాకీకి చేతిలో పెట్టినవి రికవరీ టోకెన్లు: దొంగ సొత్తు దొరికితే, సంస్థకు లాభాలొస్తే, అప్పుడు.