ఎగశ్వాస

మా నాయన పొగాకు బ్యారన్ ముందు పడిపోయాడు. 1985, ఆకు కాల్చే రోజులు. నాకు పదేళ్ళు. మా మాదిగపల్లె నుంచి ఏడెనిమిది మంది కామందు బ్యారన్ కాడ పనిలో ఉన్నారు. నేను సద్దిగిన్నె తీసుకుపోయాను. కట్టెలు మోస్తున్న మనిషి మోస్తున్నట్టే ముందుకు తూలి పడ్డాడు. మా అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోసింది. మా చిన్నాయన అరికాళ్ళు రుద్దాడు. నాయన నోరు తెరిచి, గట్టున పడ్డ చేపలాగా ఆగి ఆగి గాలి లాగుతున్నాడు. "ఊపిరుంది, ఊపిరుంది, బతికే ఉన్నాడు" అన్నారందరూ. ఆ మాట నమ్ముకుని అట్టాగే చూస్తా కూచున్నాం.

కామందు మంచం మీంచి లేచాడు గానీ దగ్గరికి రాలేదు. ఆర్.ఎం.పి. డాక్టరుకి కబురు పెట్టాడు, అది నిజమే, కాదనను. ఆయన లూనా మీద వచ్చి, రెండు బారల దూరంలో నిలబడి చూశాడు. చెయ్యి పట్టుకోలేదు. మెళ్ళో స్టెతస్కోపు మెళ్ళోనే ఉంది. "అయిపోయింది, తీసుకుపోండి" అన్నాడు. ఆయన ఊళ్ళోవాళ్ళకి సూది వెయ్యాలంటే మంచం పక్కన కూచుని వేసేవాడు. మాకైతే మేం అరుగు కింద నిలబడి చెయ్యి పైకి చాచాలి.

నేను నర్సునయ్యాను. మా ఆడపిల్లలకి ఈ పని ఎట్టా దొరికిందో చెప్పాలి. చీము, నెత్తురు, మలమూత్రాలు తాకే పని గనక పెద్దకులాల వాళ్ళు చాలాకాలం తమ పిల్లల్ని ఇటు పంపలేదు. మిషను ఆసుపత్రుల వాళ్ళు మా పల్లెల్లోంచి పిల్లల్ని తీసుకుపోయి నేర్పారు. మమ్మల్ని తాకని ఊరే, మంచాన పడ్డాక మా చేతులమీద పడింది.

ట్రైనింగులో ఉండగా ఒకరోజు క్లాసులో ఎగశ్వాస గురించి చెప్పారు. గుండె ఆగిన తర్వాత కొందరు ఒకట్రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకొంచెం సేపు, నోరు తెరిచి గాలి లాగుతారు. అది శ్వాస కాదు. అది చూసి ఆగకూడదు. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే వెంటనే రొమ్ము మధ్య ఎముక మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాలి. ఆ రోజు నేను హాస్టలుకి పోయి అన్నం తినలేదు.

తర్వాత ఇంకోటి తెలిసింది. రొమ్ము కొయ్యకుండా పైనుంచే నొక్కి రక్తం ఆడించవచ్చని అమెరికాలో, బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్‌లో ముగ్గురు కనిపెట్టారు. కౌవెన్‌హోవెన్ కరెంటు ఇంజనీరు, జూడ్ సర్జను, నికర్‌బాకర్ ఇంజనీరింగు విద్యార్థి. 1960లో రాశారు: ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, రెండు చేతులుంటే చాలునని. మా నాయన పడిపోవడానికి పాతికేళ్ళ ముందు మాట అది. బ్యారన్ కాడ ఆ రోజు ఎన్ని చేతులున్నాయో నేను చాలాసార్లు లెక్కపెట్టుకున్నాను. ఇరవైకి తక్కువ లేవు. మా చేతులకి తెలీదు. ఆర్.ఎం.పి.కి మాత్రం తెలుసా అంటే తెలీకపోవచ్చు. తెలిసినా ముందు తాకాలి గదా.

ఇక్కడిదాకా ఊరి తప్పు. ఇప్పుడు నా తప్పు రాస్తాను.

2011. నేను పనిచేసిన ఆసుపత్రి పేరు రాయను. రాత్రి డ్యూటీ. సుగాలి తండా నుంచి వచ్చిన ఒకామె, కిడ్నీలు చెడ్డ మనిషి, బస్సు డబ్బుల్లేక రెండు డయాలసిస్‌లు తప్పింది. లాబు చీటీ నా చేతికే వచ్చింది. పొటాషియం 8.1. మానిటరు మీద అలలు గుడారాల్లాగా మొనదేలి లేచాయి, తర్వాత వెడల్పయినాయి, తర్వాత నాడి పోయింది. మేం నొక్కడం మొదలుపెట్టాం. డ్యూటీ డాక్టరు అడ్రినలిన్ అన్నాడు, ఇచ్చాం. కాసేపటికి మళ్ళీ అన్నాడు, ఇచ్చాం. పొటాషియం అంత పెరిగి గుండె ఆగినప్పుడు కాల్షియం నరంలోకి పోవాలి. డయాలసిస్ వార్డులో మూడేళ్ళు చేసిన దాన్ని, నాకు తెలుసు. కాల్షియం గ్లూకోనేట్ ట్రాలీ రెండో అరలో ఉంది. దాని లెక్క రాసేదాన్ని నేనే.

నోరు పెగల్లేదు. వారం ముందు ఇంకో పేషెంటు మందు మోతాదులో తప్పు చూసి చెబితే, ఆ డాక్టరే అందరి ముందూ, "కోటాలో వచ్చినవాళ్ళు కూడా మనకి పాఠాలు చెప్పేవాళ్ళయ్యారు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో మావాడొకడు కూడా ఉన్నాడు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది. చీటీని ట్రాలీ మీద ఆయనకి కనబడేట్టు పెట్టాను. అంతే చేశాను. ఆయన చూడలేదు. 25 నిమిషాలకి ఆపేశారు. కాల్షియం ఇస్తే బతికేదని నేను చెప్పలేను. ఇవ్వలేదని మాత్రం చెప్పగలను. ఆమె కొడుకు, పన్నెండేళ్ళవాడు, బయట బెంచీ మీద నిద్రపోతున్నాడు. లేపింది నేనే.

మరుసటేడు రెండు రోజుల ఏ.సి.ఎల్.ఎస్. కోర్సుకి పంపారు. గుండె ఆగిన మనిషికి ఆసుపత్రిలో ఏం చెయ్యాలి, ఏ వరుసలో చెయ్యాలి అన్నదే ఆ చదువు. బొమ్మ మీద నేర్పుతారు. నేను బొమ్మ నోట్లో ఊది లేచాక నా వెనకామె స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచింది, చాలక ఇంకోసారి తుడిచింది. శుభ్రమో, ఇంకేమన్నానో.

నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. లయ తప్పకుండా మనసులో ఏదన్నా పాట పెట్టుకోండి అన్నాడు నేర్పే ఆయన. నాకు పాటెందుకు, మా నాయన డప్పు ఉంది. ఆ దెబ్బ మీదే నొక్కాను. "నూట నలభై పోతున్నావమ్మా, గుండె నిండకముందే మళ్ళీ నొక్కేస్తున్నావు" అన్నాడు. నొక్కిన ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి లేవనియ్యాలంట. డప్పు అన్నిటికీ పనికొస్తుందని మన కవులు రాస్తారు గానీ, దీనికి కొంచెం నెమ్మదిగా వాయించాలి.

మందుల మోతాదులు అందరూ బట్టీపట్టారు. నేను ఆగిపోయింది వేరే పేజీ కాడ. జట్టు నాయకుడు చెప్పిన మాటని విన్నవాళ్ళు పైకి తిరిగి చెప్పాలి. నాయకుడు పొరబాటు చేస్తుంటే జట్టులో ఎవరైనా సరే చెప్పాలి. ఎవరైనా సరే అంటే ఎవరైనా. నేను చెయ్యెత్తి, "సార్, చెప్పినవాళ్ళని తర్వాత ఏం చేస్తారో పుస్తకంలో ఉందా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "లేదమ్మా" అన్నాడు.

ఆ హాప్కిన్స్‌లోనే వివియన్ థామస్ అనే నల్లజాతి ఆయన ఉన్నాడు. డాక్టరు చదువు లేదు. అంతకుముందు వాండర్‌బిల్ట్‌లో చేసినప్పుడు పని ప్రయోగశాలలో, జీతం ఊడ్చేవాడి లెక్కలో. నీలిబిడ్డల గుండె ఆపరేషను కుక్కల మీద చేసి చేసి కుదిర్చింది ఆయన. 1944లో మొదటిసారి బిడ్డకి చేసేటప్పుడు సర్జను బ్లాలాక్ ఆయన్ని తన వెనక పీట మీద నిలబెట్టుకుని, అడిగి అడిగి కుట్లు వేశాడు. మరుసటేడు అచ్చయిన వ్యాసంలో థామస్ పేరు లేదు. అది వేరే కోపం. కానీ ఆ గదిలో వెనకనుంచి వచ్చిన మాటని ముందున్నవాడు విన్నాడు, బిడ్డ బల్లమీంచి ప్రాణంతో లేచింది. ఇది చదివాక తండా ఆమె చీటీ నన్ను ఇంకా పట్టుకుంది.

2014లో అదే ఆసుపత్రి. ఒక ముసలాయన. మానిటరు మీద గీత అడ్డంగా పడుకుంది. కుర్ర డాక్టరు షాకు పెట్టె అందుకున్నాడు. సినిమాల్లో అట్టాగే చూపిస్తారు. షాకు ఆగిన గుండెని లేపేది కాదు. వణుకుతున్న గుండెని ఒక్కసారి నిలబెట్టి, దాని లయ అది పట్టుకోడానికి సందు ఇచ్చేది. అడ్డగీతకి షాకు పనికిరాదు, ఆ కాసేపూ నొక్కడం ఆగిపోతుంది. "సార్, ఇది అసిస్టోల్. షాకు వద్దు. లీడ్లు ఊడలేదు, చూశాను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. ఆయన నా వంక చూశాడు. పెట్టె కింద పెట్టి, "నొక్కడం ఆపకండి" అన్నాడు. ముసలాయన దక్కలేదు.

మూడోరోజు నాకు మెమో వచ్చింది, డ్యూటీ డాక్టరు పనిలో జోక్యం చేసుకున్నందుకు సంజాయిషీ ఇమ్మని. ఇప్పించింది ఆ కుర్రాయన కాదు, పైవాళ్ళు. కోర్సు పుస్తకంలో ఆ పేజీ జిరాక్సు తీసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. జవాబు రాలేదు. మెమో దాచుకున్నాను. పొటాషియం చీటీ కూడా నా కాడే ఉంది.

మొన్న క్రిస్మసుకి మా పల్లెకి పోయినప్పుడు చర్చి ముందు పిల్లల్ని కూచోబెట్టి, బొంతని గట్టిగా చుట్టి తాడు కట్టి, నొక్కడం నేర్పాను. ఎగశ్వాస ఎట్టా ఉంటదో నోటితో చేసి చూపించాను. మా అమ్మ అంత దూరాన కూచుని చూస్తా ఉంది. నేను నోరు తెరిచి గాలి లాగినప్పుడు లేచొచ్చింది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ మీద వంగి బొంత మీద చేతులు పెట్టింది.

"మీ నాయనకి ఇట్టా చేసుంటే లేచేవాడామ్మా?" అంది.

"ఏమోమ్మా. చెప్పలేను."

ఆమె నొక్కతానే ఉంది. "మోచేతులు వంచమాకమ్మా" అన్నాను.